వడ్రంగం పనికి ఏ సుత్తి, ఫ్రేమింగ్‌కు ఏ సుత్తి?

సుత్తి కొనడానికి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది చేసేది ఒకటే. రెండు మూడు చేతిలోకి తీసుకుని, కాస్త ఊపి చూసి, బరువుగా, గట్టిగా అనిపించినదాన్ని తెచ్చుకుంటారు. గంటసేపు మేకులు కొట్టాక గానీ అసలు సంగతి తెలియదు. మోచేతి దగ్గర లాగుతుంటుంది, మేకు సగంలో వంగిపోతుంటుంది, నున్నగా రందా పట్టిన పలక మీద గుంటలు పడుతుంటాయి. అప్పుడు మన చేతికే పని రాదనుకుంటాం. చాలాసార్లు చేతిలో ఏ లోపమూ ఉండదు. ఆ పనికి ఆ సుత్తి కాదు, అంతే. ఫ్రేమింగ్ అంటే చెక్క ఇళ్ల గోడలకు, పైకప్పుకు కర్రలతో చట్రం కట్టే పని.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీరు ఎక్కువగా ఏ మేకు కొడతారో, సుత్తిని ఆ మేకును బట్టే ఎంచుకోవాలి. బ్రాండు, పిడి రంగు, రబ్బరు పట్టు అన్నీ ఆ తర్వాతే. అందుకే ఏ రకం కొనాలో చూసేముందు మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకోండి. మీ మేకులు ఎంత పొడవు? మేకు దిగిన చోటు పని అయ్యాక కంటికి కనిపిస్తుందా, లేక లోపల కప్పబడిపోతుందా? రోజులో ఎంతసేపు కొడతారు, పది నిమిషాలా, పూటంతానా?

## ముందు చూడాల్సినవి

బరువు, వేగం. సుత్తి మీద రాసి ఉండే అంకె తల బరువు మాత్రమే, పిడి అందులో కలవదు. సాధారణంగా ఔన్సుల్లో ఉంటుంది. 16 ఔన్సులంటే దాదాపు 450 గ్రాములు, 20 అంటే 570, 22 అంటే 620, 28 అంటే 800 గ్రాములకు కాస్త తక్కువ.

బరువు పెరిగితే దెబ్బ గట్టిగా పడుతుందన్నది నిజమే గానీ, అది సగం నిజం. తల బరువు రెట్టింపైతే దెబ్బలోని శక్తి రెట్టింపవుతుంది. వేగం రెట్టింపైతే మాత్రం నాలుగు రెట్లవుతుంది. లెక్క వేసి చూడండి. 450 గ్రాముల తల సెకనుకు 10 మీటర్ల వేగంతో మేకును తాకితే ఆ దెబ్బలో 22.5 జౌల్స్ ఉంటాయి. 900 గ్రాముల తల అదే వేగంతో తాకితే 45 జౌల్స్. కానీ ఆ 450 గ్రాముల తలనే సెకనుకు 14 మీటర్ల వేగంతో తిప్పగలిగితే 44 జౌల్స్ వస్తాయి. అంటే బరువు రెట్టింపు చేసి సాధించేదాన్ని, వేగం 40 శాతం పెంచి కూడా సాధించవచ్చు. ఉదయం చేయి తాజాగా ఉన్నప్పుడు బరువైన సుత్తి కూడా వేగంగానే తిరుగుతుంది. మధ్యాహ్నానికి చేయి అలిసి వేగం పడిపోతే ఆ బరువు వల్ల ఒరిగేది పెద్దగా ఉండదు, పైకెత్తే శ్రమ మాత్రం మిగులుతుంది.

అలాగని తేలికైనదే మేలనీ కాదు. పొడవాటి మేకు మందపాటి కర్రలోకి దిగుతున్నప్పుడు తేలిక సుత్తి మేకు తల మీద నుంచి ఎగిరిపడుతుంది. పది దెబ్బలు పడ్డా మేకు కొంచెం కొంచెమే కదులుతుంది. దెబ్బల సంఖ్య పెరిగేకొద్దీ ఏదో ఒకటి పక్కకు తగిలి మేకు వంగే అవకాశమూ పెరుగుతుంది. మీరు కొట్టే మేకు సరైన సుత్తి కింద ఒక పోటు, ఆపైన మూడు నాలుగు దెబ్బల్లో దిగిపోవాలి. ఎనిమిది పది పడుతుంటే సుత్తి చాలడం లేదని అర్థం. ఒకే దెబ్బకు దిగి చెక్కను కూడా నలిపేస్తుంటే సుత్తి ఎక్కువైందని అర్థం.

మరో గుర్తు కూడా ఉంది. పని చేస్తూ చేస్తూ మీకు తెలియకుండానే చేయి పిడి చివర నుంచి తల వైపు జరుగుతోందా? అయితే ఆ సుత్తి మీకు బరువు. పిడిని మధ్యలో పట్టుకుంటే దానికున్న పొడవు దండగే.

పిడి పొడవు. మామూలు వడ్రంగం సుత్తికి పిడితో కలిపి 12, 13 అంగుళాలు ఉంటుంది. ఫ్రేమింగ్ సుత్తికి 16 నుంచి 18 అంగుళాలు. పొడవు పెరిగితే తల పెద్ద వలయంలో తిరిగి వేగం అందుకుంటుంది, కానీ గురి తగ్గుతుంది. ఇరుకు చోట్ల ఇబ్బంది కూడా. అమెరికా తరహా చెక్క ఇళ్లలో నిలువు కర్రలను ఒకదాని మధ్య నుంచి ఇంకోదాని మధ్యకు 16 అంగుళాల దూరంలో నిలబెడతారు. కర్ర మందం ఒకటిన్నర అంగుళం తీసేస్తే మధ్యలో మిగిలే సందు పద్నాలుగున్నర అంగుళాలు. ఆ సందులో నిలబడి పక్కకు మేకు కొట్టాలంటే 18 అంగుళాల సుత్తి తిప్పడానికి చోటుండదు. అలాంటి చోట 16 అంగుళాలది కాస్త నయం.

ముఖం. మేకును తాకే భాగం రెండు రకాలు. నున్నటి ముఖం నిజానికి పూర్తి చదునుగా ఉండదు, మధ్యలో కాస్త ఉబ్బి ఉంటుంది. అందువల్ల దెబ్బ రవ్వంత వంకరగా పడ్డా ముఖం అంచు చెక్కలోకి దిగదు. రెండో రకం గళ్ల ముఖం. దాని మీద అడ్డంగా, నిలువుగా గాళ్లు తీసి చిన్న చిన్న పళ్లలా ఉంటాయి. ఆ పళ్లు మేకు తలను పట్టుకుంటాయి, జారనివ్వవు. తడిసిన కర్రలో, ఏటవాలుగా కొట్టే మేకుల్లో దీని విలువ తెలుస్తుంది. కానీ చివరి దెబ్బ చెక్కను తాకిన ప్రతిచోటా గళ్ల ముద్ర పడుతుంది. అది రందా పట్టినా అంత తేలిగ్గా పోదు. వేలికి తగిలితే నున్నటి ముఖం కమిలిస్తుంది, గళ్ల ముఖం చర్మాన్ని చీరేస్తుంది.

ఈ ఒక్క విషయంలో నాకు సందేహమే లేదు. మీ పనిలో ఏ కొంచెమైనా కంటికి కనిపించే చెక్క ఉంటే గళ్ల ముఖం జోలికి పోవద్దు.

క్లా. తల వెనుక రెండుగా చీలి ఉండే భాగం. వంపు తిరిగినది మేకులు పీకడానికి బాగుంటుంది. పిడిని వెనక్కి వంచితే ఆ వంపు చెక్క మీద దొర్లుతూ మేకును పైకి లాగుతుంది. తిన్నగా ఉండేది పలకల సందులో దూర్చి విడదీయడానికి, కూల్చే పనికి, బరువైన కర్రను కొక్కెంలా పట్టి దగ్గరకు లాక్కోవడానికి పనికొస్తుంది. దాంతోనూ మేకులు పీకవచ్చు, తల కింద చిన్న చెక్క ముక్క పెట్టుకోవాలి. చెక్క ముక్క పెడితే మేకు నిటారుగా పైకి వస్తుంది, పలక మీద నొక్కు కూడా పడదు.

## రకాలన్నీ ఒకచోట

| రకం | తల బరువు | పొడవు | ముఖం | దేనికి | ఎక్కడ ఇబ్బంది |
|---|---|---|---|---|---|
| తేలిక ఫినిషింగ్ సుత్తి | 10–14 ఔన్సులు | 12–13 అంగుళాలు | నున్నది | బీడింగ్, చిన్న మేకులు | రెండున్నర అంగుళాలు దాటిన మేకు |
| మామూలు క్లా సుత్తి | 16 ఔన్సులు | 13 అంగుళాలు | నున్నది | ఇంటిపని, తలుపులు, పెట్టెలు | పూటంతా ఫ్రేమింగ్ |
| మధ్య రకం | 20 ఔన్సులు | 13–16 అంగుళాలు | రెండూ దొరుకుతాయి | రెండు పనులూ కలిసినవాళ్లు | సున్నితమైన పని |
| ఉక్కు ఫ్రేమింగ్ సుత్తి | 22–28 ఔన్సులు | 16–18 అంగుళాలు | ఎక్కువగా గళ్లది | మూడు అంగుళాలు దాటిన మేకులు | తల పైకెత్తి చేసే పని, కనిపించే చెక్క |
| టైటానియం ఫ్రేమింగ్ సుత్తి | 14–16 ఔన్సులు | 16–18 అంగుళాలు | రెండూ దొరుకుతాయి | రోజంతా ఫ్రేమింగ్ | ఖరీదు, మోటు వాడకం |

## మామూలు 16 ఔన్సుల సుత్తి

ఇంట్లో ఒక్క సుత్తే ఉంచుకునేవాళ్లకు ఇదే సరైనది. ఒక అంగుళం మేకు నుంచి రెండున్నర, మూడు అంగుళాల మేకు వరకూ దీంతో నెట్టుకురావచ్చు. నున్నటి ముఖం ఉన్నదే తీసుకోండి. చెక్కకు దెబ్బ తగలకూడదనుకున్న చోట మేకు తల ఇంకా రెండు మిల్లీమీటర్లు పైకి ఉండగానే సుత్తి ఆపేసి, మిగతాది పంచ్‌తో, అంటే మేకు తల మీద ఆనించి కొట్టే సన్నటి ఉక్కు కడ్డీతో దించుకోవచ్చు.

క్లా వంపుదా, తిన్ననిదా? ఈ బరువులో నేనైతే వంపుదానికే ఓటేస్తాను. కొత్తవాళ్లు కొట్టిన మేకుల్లో కొన్నైనా పీకాల్సి వస్తుంది, ఆ పని వంపు క్లాతో శుభ్రంగా అవుతుంది. పాత అలమరలు విప్పి మళ్లీ కట్టే పని ఎక్కువగా ఉంటే మాత్రం తిన్ననిది తీసుకోండి.

తేలిక ఫినిషింగ్ సుత్తి వేరుగా కావాలా? బీడింగ్, సన్నటి తల చిన్న మేకుల పని వారంలో చాలా రోజులు ఉంటేనే. లేదంటే 16 ఔన్సులదే సరిపోతుంది.

## 20 ఔన్సులది: రాజీ, కానీ మంచి రాజీ

రెండు పనులూ చేసేవాళ్లు ఎప్పుడూ ఇక్కడే తటపటాయిస్తారు. పొద్దున చట్రం కట్టి, సాయంత్రం తలుపు బిగించేవాళ్లకు రెండు సుత్తులు మోయడం ఇష్టం ఉండదు. 20 ఔన్సులు, నున్నటి ముఖం, తిన్నటి క్లా ఉన్న సుత్తి వాళ్లకు సరిగ్గా అతుకుతుంది. మూడు అంగుళాల మేకు దించడానికి చాలినంత బరువు ఉంటుంది. కాస్త జాగ్రత్తగా కొడితే కనిపించే చెక్కనూ పాడుచేయదు.

దీంతో వచ్చే నష్టమూ చెప్పాలి. చిన్న మేకులకు ఇది కాస్త మొరటు. మూడున్నర అంగుళాల మేకులు వందల్లో కొట్టాలంటే కాస్త తక్కువ. ఏ వైపు పని ఎక్కువగా ఉందో ఒకసారి నిజాయితీగా లెక్క వేసుకోండి. పదింటిలో ఎనిమిది పాళ్లు ఒకే వైపు ఉంటే ఈ మధ్య రకం వద్దు, ఆ పనికి తగినదే కొనండి.

## ఫ్రేమింగ్ సుత్తులు: ఉక్కా, టైటానియమా?

ఫ్రేమింగ్‌లో ఎక్కువగా వాడే మేకు మూడున్నర అంగుళాలది. రెండు అంగుళాల మందం అనే పేరుతో అమ్మే కర్ర నిజానికి ఒకటిన్నర అంగుళమే ఉంటుంది. అలాంటి కర్రను ఇంకోదానికి బిగిస్తే మేకు మొదటి కర్ర దాటి రెండోదాంట్లోకి రెండు అంగుళాలు దిగుతుంది. ఒకటి రెండైతే ఏ సుత్తితోనైనా కొట్టవచ్చు. రోజంతా కొట్టాల్సి వచ్చినప్పుడే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఉక్కు తలలో 22 ఔన్సులు చాలామందికి సరిపోతుంది. 28, ఆపైన ఉన్నవి కూడా దొరుకుతాయి. కానీ వాటిని పూటంతా వేగం తగ్గకుండా తిప్పగలిగేవాళ్లు తక్కువ. కొత్తగా ఫ్రేమింగ్ నేర్చుకుంటున్నవాళ్లు పక్కనున్న మేస్త్రీ చేతిలో 28 ఔన్సులది చూసి అదే కొనాలనుకుంటారు. దయచేసి అలా చేయకండి. ఆయన చేయి ఆ బరువుకు ఏళ్ల తరబడి అలవాటు పడింది. మీరు 20 లేదా 22తో మొదలుపెట్టి, గురి కుదిరాక అవసరమనిపిస్తేనే పైకి వెళ్లండి. గురి కుదరకముందే బరువు పెంచితే వంగిన మేకులు, పిడి మెడ మీద దెబ్బలు, మోచేతి నొప్పి మూడూ కలిసే వస్తాయి.

బరువైన సుత్తికి ఒక విషయంలో మాత్రం తిరుగులేదు. గోడ చట్రాన్ని నిలబెట్టాక ఒక కర్ర అడుగు పక్కకు జరిగిందనుకోండి, దాన్ని తట్టి సరైన గీత మీదకు తేవాలి. ఆ తట్టడానికి తేలిక సుత్తి పనికిరాదు. కర్ర కదలదు, సుత్తే వెనక్కి వస్తుంది. రెండువైపులా ఆనిక లేని సన్నటి కర్రలోకి మేకు కొట్టేటప్పుడూ అంతే. కర్ర ఊగి దెబ్బ శక్తిని మింగేస్తుంది. అప్పుడు రెండో మనిషి వెనకవైపు ఇంకో బరువైన సుత్తి తల ఆనించి పట్టుకుంటే మేకు చక్కగా దిగుతుంది.

ఇక టైటానియం. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 7.8 గ్రాములైతే టైటానియానిది 4.5. అందువల్ల తల చూడటానికి ఫ్రేమింగ్ సుత్తి అంతే ఉన్నా 14, 16 ఔన్సులే తూగుతుంది. ఇందాకటి వేగం లెక్క ఇక్కడే పనిలోకి వస్తుంది. తల తేలిక, పిడి పొడవు కాబట్టి వేగం అందుకోవచ్చు. వెనక్కి చేతికి వచ్చే అదురు కూడా తక్కువని రోజూ వాడేవాళ్లు చెబుతారు. స్టిలెట్టో లాంటి కంపెనీలు ఈ సుత్తులతోనే పేరు తెచ్చుకున్నాయి.

మరి అందరూ అదే ఎందుకు కొనరు? మొదటి కారణం ఖరీదు. అదే పనికి వాడే ఉక్కు సుత్తి కంటే చాలా ఎక్కువ. రెండోది, టైటానియం ముఖం గట్టిపరిచిన ఉక్కు అంత గట్టిది కాదు, గళ్లు త్వరగా అరుగుతాయి. అందుకే కొన్ని మోడళ్లలో ముఖానికి మార్చుకోదగిన ఉక్కు బిళ్ల పెడతారు. కొనేటప్పుడు అలాంటిదే చూసుకోవడం మేలు. మూడోది, పోతే మనసు చివుక్కుమంటుంది. పైకప్పు మీద పని చేస్తూ అక్కడక్కడా వదిలేసే అలవాటు ఉన్నవాళ్లు ఈ సంగతి కూడా ఆలోచించుకోవాలి.

ఎవరికి లాభం అంటే, ఫ్రేమింగే జీవనాధారంగా ఉండి, చేత్తోనే ఎక్కువ మేకులు కొట్టేవాళ్లకు, మోచేయి ఇప్పటికే మొరాయిస్తున్నవాళ్లకు. వారాంతాల్లో ఒక షెడ్డు కట్టుకునేవాళ్లకు ఇంత ఖర్చు దండగ.

## పిడి: చెక్క, ఉక్కు, ఫైబర్‌గ్లాస్

| | చెక్క | ఒకే ముక్క ఉక్కు | ఫైబర్‌గ్లాస్ |
|---|---|---|---|
| చేతికి అదురు | తక్కువ | ఎక్కువ | మధ్యస్థం |
| గురి తప్పి పిడికి దెబ్బ తగిలితే | విరగవచ్చు | ఏమీ కాదు | పొరలు లేచి పగలవచ్చు |
| క్లాతో గట్టిగా పెకలించడం | జాగ్రత్తగా | నిశ్చింతగా | ఒక మోస్తరుగా |
| ఎండ, తేమ | తల వదులవుతుంది | ఫర్వాలేదు | ఫర్వాలేదు |
| విరిగితే మార్చుకోవడం | తేలిక | కుదరదు | కష్టం |

నా ఇష్టం చెక్క పిడే. హికరీ అనే గట్టి చెట్టు కర్ర అదురును చాలావరకు తనలోనే ఆపేస్తుంది, చేతికి వేడిగానో చల్లగానో తగలదు, అరిచేతికి తగ్గట్టు కాస్త చెక్కుకోవచ్చు కూడా. కొత్త పిడి మీద మెరిసే వార్నిష్ ఉంటే చెమట చేతిలో జారుతుంది. దాన్ని గాజుపెంకుతో గీకేసి, అవిసె నూనె పట్టిస్తే పట్టు బాగా కుదురుతుంది.

చెక్క పిడి కొనేటప్పుడు సుత్తిని తిప్పి పిడి అడుగు చూడండి. అక్కడ చెక్క వలయాల గీతలు కనిపిస్తాయి. ఆ గీతలు సుత్తి ముఖం నుంచి క్లా వైపు వెళ్లే దిశలోనే సాగాలి. అడ్డంగా ఉంటే దెబ్బ దెబ్బకూ పొరలు విడిపోయి పిడి త్వరగా విరుగుతుంది. తర్వాత పిడి పక్కభాగం చూడండి. చెక్క నారలు తల దాకా తిన్నగా వెళ్లాలి. మధ్యలోనే పక్కకు బయటపడితే అక్కడే చీలుతుంది. ముడి ఉన్న పిడిని ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దు.

తల వదులైతే నీళ్లలో నానబెట్టడం చాలామందికి అలవాటు. ఆ పూటకు బిగుస్తుంది, కానీ ఉబ్బిన చెక్క తల రంధ్రంలో నలిగి, ఆరాక ఇంకా వదులవుతుంది. దానికంటే సుత్తిని తల కిందికి వేలాడేలా పట్టుకుని, పిడి పైచివర మీద ఇంకో కర్ర సుత్తితో గట్టిగా కొట్టండి. బరువైన తల ఉన్నచోటే ఉండి, పిడి దానిలోకి ఇంకాస్త దిగుతుంది. ఆ తర్వాత తల రంధ్రంలో పిడిని బిగించి ఉంచే చీలను ఇంకాస్త దించుకోండి, అవసరమైతే కొత్తది కొట్టండి.

తల ఊడిపోవడం ఈనాటి సమస్య కాదు. 1840ల్లో అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు నార్విచ్‌లో ఉన్న డేవిడ్ మేడోల్ అనే కమ్మరి, తల కిందిభాగాన్ని పొడిగించి పిడిని ఎక్కువ పొడవున పట్టుకునేలా చేశాడు. బాడిసె తలకు ఉండే రంధ్రం పద్ధతి అది. ఈనాటి క్లా సుత్తి తల కింద కనిపించే ఆ మెడ అక్కడి నుంచి వచ్చిందే. కొనేటప్పుడు ఆ మెడ పొడవుగా, పిడి చుట్టూ సందు లేకుండా ఉందో లేదో చూడండి.

ఒకే ముక్క ఉక్కు సుత్తుల్లో తల, పిడి కలిపి ఒకే ఉక్కు కడ్డీ నుంచి సాగగొట్టి చేస్తారు. 1923లో అమెరికాలోని రాక్‌ఫర్డ్‌లో మొదలైన ఎస్ట్‌వింగ్ కంపెనీ పేరు వీటితోనే ముడిపడి ఉంది. తోలు బిళ్లలు పేర్చిన పట్టు ఒక రకం, నైలాన్ పట్టు మరో రకం. తల ఊడుతుందన్న టెన్షన్ అసలు ఉండదు. పాత చెక్క పని కూల్చి, పెకలించి, మళ్లీ కట్టేవాళ్లకు ఇంతకంటే నమ్మకమైనది లేదు. అదురు మాత్రం భరించాలి. పట్టు ఎంత మెత్తగా ఉన్నా అది పూర్తిగా పోదు. మోచేతి బయటివైపు నొప్పి, అదే టెన్నిస్ ఎల్బో అనేది, ఇప్పటికే ఉన్నవాళ్లు ఉక్కు పిడిని పక్కన పెట్టాలి. పిడిని అవసరానికి మించి గట్టిగా బిగించి పట్టుకోవడం కూడా ఆ నొప్పిని పెంచుతుంది.

ఫైబర్‌గ్లాస్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. చవక, వానలో తడిసినా ఏమీ కాదు, కొత్తవాళ్ల దెబ్బలు చెక్క కంటే కాస్త ఎక్కువ తట్టుకుంటుంది. నేర్చుకునే రోజుల్లో సరిపోతుంది.

## క్లా లేని సుత్తులు

బల్లలు, కుర్చీలు, అలమరలు చేసేవాళ్లకు మేకులు పీకే అవసరం తక్కువ. వాళ్లు వేరే రకాలు కూడా చూడాలి.

వారింగ్టన్ సుత్తికి ఒకవైపు నున్నటి ముఖం, ఇంకోవైపు సన్నగా అడ్డంగా ఉండే పట్టీ. చిన్న మేకును రెండు వేళ్ల మధ్య పట్టుకుని, ఆ సన్నటి పట్టీతో వేళ్ల సందులోనే తట్టి నిలబెట్టవచ్చు. తర్వాత సుత్తి తిప్పి ముఖంతో దించాలి. వేళ్లు నలిగే బాధ ఉండదు.

జపాన్ వడ్రంగులు వాడే గెన్నోకు రెండువైపులా ముఖాలే. ఒకటి చదును, ఒకటి కాస్త ఉబ్బెత్తు. చదును ముఖంతో ఉలిని కొడతారు, మేకును మొదలుపెడతారు. చివరి దెబ్బ ఉబ్బెత్తు ముఖంతో వేస్తే చెక్క మీద అంచు గుర్తు పడకుండా మేకు దిగుతుంది. 375 గ్రాములది ఉలి పనికి బాగా వాడుకలో ఉంది. కానీ చెక్క పిడికి లోహపు కట్టు లేని ఉలులను ఇనుప సుత్తితో కొడితే పిడి చిట్లిపోతుంది. వాటికి చెక్క సుత్తే వాడాలి.

జర్మనీలో పైకప్పు వడ్రంగులు వాడే లాత్‌హామర్ సాధారణంగా 600 గ్రాములు. క్లాలో ఒక కొమ్ము సూదిగా పొడుగ్గా ఉంటుంది, దాన్ని దూలంలోకి దించి సుత్తిని అలాగే వదిలేయవచ్చు. ముఖం దగ్గర మేకు పట్టుకునే అయస్కాంతం ఉంటుంది. ఒక చేత్తో పలక పట్టుకుని, ఇంకో చేత్తోనే మేకును మొదలుపెట్టవచ్చు. నిచ్చెన మీద నిలబడి పని చేసేవాళ్లకు ఈ అయస్కాంతం వరమే. ఇప్పుడు చాలా ఫ్రేమింగ్ సుత్తులకూ తల పైభాగంలో ఇలాంటి గాడి, అయస్కాంతం వస్తున్నాయి. మిగతా హంగులు లేకపోయినా ఇది ఉన్నదాన్నే చూడండి.

## ఎవరికి ఏది

ఇంట్లో అప్పుడప్పుడు మేకు కొట్టేవాళ్లకు: 16 ఔన్సులు, నున్నటి ముఖం, వంపు క్లా. పిడి ఏదైనా ఫర్వాలేదు.

బీడింగ్, తలుపులు, కిటికీల పని చేసేవాళ్లకు అదే 16, కానీ చెక్క పిడితో. దానికి తోడు ఒక మంచి పంచ్. ఫర్నిచర్ చేసేవాళ్లు వారింగ్టన్ గానీ గెన్నో గానీ ఒకటి పెట్టుకుంటే క్లా సుత్తి పెట్టె అడుగుకు చేరుతుంది.

ఫ్రేమింగ్ నేర్చుకుంటున్నవాళ్లకు 20 లేదా 22 ఔన్సులు, 16 అంగుళాల పొడవు, తిన్నటి క్లా. ముఖం నున్నదే తీసుకోండి. గళ్ల ముఖం వంకర దెబ్బను కప్పిపుచ్చుతుంది, నున్నటి ముఖం మీద గురి త్వరగా కుదురుతుంది.

మేకుల గన్‌తోనే ఫ్రేమింగ్ చేసేవాళ్ల లెక్క వేరు. వాళ్లకు సుత్తి పని మేకులు కొట్టడం కంటే కర్రలను తట్టి సరిచేయడం, సగంలో ఆగిన మేకును పూర్తిగా దించడం, తప్పు పడినదాన్ని పీకడం. ఆ పనికి టైటానియం ఎందుకు? 20, 22 ఔన్సుల ఒకే ముక్క ఉక్కు సుత్తి, తిన్నటి క్లాతో ఉంటే చాలు.

ఒళ్లు చిన్నగా ఉన్నవాళ్లు, మణికట్టు బలహీనంగా ఉన్నవాళ్లు బరువు తగ్గించుకోవడానికి మొహమాటపడకండి. 14 ఔన్సులది వేగంగా, సూటిగా పడితే 20 ఔన్సులది తడబడుతూ పడ్డ దెబ్బ కంటే మేకు బాగా దిగుతుంది.

## చేతిలో పట్టుకుని చూడాల్సినవి

పిడి చివర పట్టుకుని, మేకు ఉందనుకుని మోచేతి నుంచి నెమ్మదిగా పదిసార్లు ఊపండి. కిందికి వచ్చే ప్రతిసారీ ముఖం తనంతట తానే చదునుగా వస్తోందా, లేక మణికట్టు తిప్పి సరిచేయాల్సి వస్తోందా గమనించండి. సరిచేయాల్సి వస్తే ఆ పిడి ఆకారం మీ చేతికి కుదరదు. పిడి అడ్డకోత గుండ్రంగా కాకుండా కోడిగుడ్డు ఆకారంలో ఉంటే ముఖం ఎటు ఉందో చూడకుండానే చేతికి తెలుస్తుంది.

క్లా చీలిక లోపలి అంచులను వేలితో తడిమి చూడండి. సన్నగా, పదునుగా ఉంటే తల చిన్న మేకును కూడా పట్టుకుంటుంది. మొద్దుగా ఉంటే పెద్ద మేకుల దగ్గర తప్ప జారిపోతూనే ఉంటుంది.

ఏ సుత్తి కొన్నా కొన్ని పనులకు వాడకూడదు. మేకుల సుత్తి ముఖం గట్టిపరిచిన ఉక్కు. దాన్ని ఇంకో సుత్తి ముఖం మీద గానీ, కాంక్రీటు మేకు మీద గానీ, రాతి ఉలి మీద గానీ కొడితే అంచు నుంచి పెచ్చు లేచి తూటాలా కంట్లోకి రావచ్చు. ఆ పనులకు వాటికి తగిన బరువు సుత్తులు వేరే ఉన్నాయి. మామూలు మేకులు కొట్టేటప్పుడు కూడా కళ్లద్దాలు పెట్టుకోండి. సుత్తి పక్కభాగంతో కొట్టకండి, అక్కడ లోహం దెబ్బకు తయారు చేసినది కాదు. ముఖం అంచు పెచ్చు లేచినా, పగులు కనిపించినా గ్రైండర్ పట్టి సరిచేసి వాడవద్దు. ఆ వేడికి గట్టిదనం పోతుంది, లోపలి పగులు అలాగే ఉంటుంది. తల అలా దెబ్బతింటే సుత్తి పారేయాల్సిందే. విరిగింది చెక్క పిడి మాత్రమే అయితే తలను ఉంచుకుని, గీతలు సరైన దిశలో ఉన్న కొత్త పిడి వేయించుకోండి.